ఘాటీలో లాగని బండి: తప్పు టర్బోదేనా?

ప్రశ్న: మాది సిమిలిగుడ, కోరాపుట్ జిల్లా. 2014 మోడల్ 1.3 లీటర్ల డీజిల్ కారు, లక్షా ముప్పై వేల కిలోమీటర్లు తిరిగింది. సాలూరు నుంచి సుంకి ఘాటీ ఎక్కుతుంటే సగంలో పికప్ పడిపోతోంది. వెనక నల్ల పొగ, ఇంజన్ లైటు. ఆపి, తాళం తీసి మళ్లీ స్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది. మెకానిక్ టర్బో మార్చాలంటున్నాడు. మార్చమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దు. టర్బో అంటే ఇంజన్‌లోకి గాలిని ఒత్తిడితో తోసే పంకా. అది విరిగితే తాళం తిప్పగానే బాగుపడదు. ఇంజన్ కంప్యూటరు అడిగినంత గాలి ఒత్తిడి రాకపోతే, లేదా మితిమీరి వస్తే, అదే శక్తి తగ్గించేస్తుంది. దాన్నే లింప్ మోడ్ అంటారు. స్కానర్ పెట్టి కోడ్ చూడమనండి. పి0299 వస్తే గాలి తక్కువ, పి0234 వస్తే ఎక్కువ. నల్ల పొగ చూస్తే మీది మొదటిదే అనిపిస్తోంది. డీజిల్ పడుతోంది, కాల్చే గాలి చాలడం లేదు. పొగ లేకుండా శక్తి పడిపోయి ఉంటే డీజిల్ ఫిల్టరు ముందు చూడమనేవాళ్లం.

స్కానర్ ఎలాగూ పెట్టారు కనుక ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి మ్యానిఫోల్డ్ ప్రెషర్ (ఇంజన్‌లోకి వెళ్లే దారిలో గాలి ఒత్తిడి) కూడా చూడండి. సముద్రమట్టానికి దగ్గరగా ఉన్న బరంపురంలో 100 కిలోపాస్కల్ దగ్గర చూపాలి. మీ ఊరు తొమ్మిది వందల మీటర్లకు అటూ ఇటూ ఎత్తు, అక్కడ 91 దగ్గర చూపితే సరిగ్గానే ఉన్నట్టు. మైదానం లెక్క పట్టుకుని సెన్సరు పోయిందని అమ్మేవాళ్లతో జాగ్రత్త. తేడా బాగా ఎక్కువుంటే సెన్సరు విప్పి మసి కడగండి.

ఆ తర్వాత ఎయిర్ ఫిల్టరు, హోస్ పైపులు. టర్బో నుంచి ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌కీ, అక్కణ్నుంచి ఇంజన్‌కీ వెళ్లే రబ్బరు పైపులు కింది వైపున, క్లిప్పు పక్కనే చీలుతాయి. బండి నిలబడి ఉంటే చీలిక మూసుకునే ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు ఒత్తిడికి నోరు తెరుస్తుంది. మీ బండి ఘాటీలోనే మొరాయించడానికి ఎక్కువగా ఇదే కారణం కావచ్చు. పైపు మీద నూనె తడి ఉన్న చోట వేలితో తడిమి చూడండి. కనబడకపోతే టర్బోలోకి గాలి వెళ్లే మూతికి పీవీసీ మూత ఒకటి, దానికి ట్యూబ్‌లెస్ వాల్వు బిగించి 10 పీఎస్‌ఐ దాటకుండా మెల్లగా గాలి ఎక్కించి, సబ్బు నీళ్లు చల్లండి. బుడగ వచ్చిన చోటే లీకు. ఇంజన్ లోపలికి కొంత గాలి ఎలాగూ జారిపోతుంది, అది లీకు కాదు.

పైపులు బాగుంటే టర్బో పక్కనుండి దాని ఒత్తిడిని అదుపు చేసే యాక్చుయేటర్ రాడ్ చూడాలి. ఈ 1.3 ఇంజన్లలో 75 హార్స్‌పవర్‌వి సాధారణంగా వేస్ట్‌గేట్ రకం (ఒత్తిడి ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే తలుపున్నది), ఐడిలింగ్‌లో రాడ్ కదలదు. 90వి వీజీటీ, అంటే లోపలి రెక్కలు కదిలే రకం. వాక్యూమ్‌తో నడిచే వీజీటీలో స్టార్ట్ చేయగానే రాడ్ లోపలికి లాగబడాలి, ఆపగానే తిరిగి జారాలి. అసలు కదలకపోతే సన్నటి వాక్యూమ్ పైపు పగిలిందేమో, ఆ వాక్యూమ్‌ను అదుపు చేసే సోలెనాయిడ్ పోయిందేమో చూడండి. పట్టి పట్టి కదిలితే లోపలి రెక్కలకు మసి పట్టింది. టర్బో విప్పి కడిగితే చాలాసార్లు సరిపోతుంది. పొగలో కొంత తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని ఇరుక్కున్నా ఇదే నల్ల పొగ వస్తుంది, దాన్నీ మరవద్దు.

చివరగా, ఇంజన్ చల్లారాక టర్బో షాఫ్టును పట్టుకుని కదపండి. అటూ ఇటూ రవ్వంత ఊగడం మామూలే. ముందుకీ వెనక్కీ జరిగినా, రెక్క గోడకు రాసిన గీతలున్నా అప్పుడు మార్చండి. కొత్తది వేస్తే ఆయిల్ ఫీడ్ పైపు కూడా కొత్తదే వేయమనండి. పాత పైపులో గడ్డకట్టిన ఆయిల్ ఉంటే కొత్త టర్బో కూడా త్వరగానే పోతుంది.

ప్రశ్న: ఘాటీ ఎక్కగానే ఇంజన్ ఆపకూడదంటారు, నిజమేనా? (రాయగడ)

జవాబు: నిజమే. ఆపగానే టర్బోకి ఆయిల్ ఆగిపోతుంది, ఆ వేడికి లోపల మిగిలిన ఆయిల్ మాడి పెచ్చు కడుతుంది. ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచండి, చాలు. ఊళ్లో కూరగాయల కోసం ఆగినప్పుడు ఇదంతా అక్కర్లేదు.

ప్రశ్న: నీలం పొగ వస్తోంది, వెయ్యి కిలోమీటర్లకే లీటరు ఇంజన్ ఆయిల్ పోస్తున్నాం. ఇలాగే నడపొచ్చా? (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

జవాబు: నడపకండి. ఇంటర్‌కూలర్ కింది పైపు ఊడదీయండి. పల్చటి జిడ్డు ఉంటే భయం లేదు, క్రాంక్‌కేస్ (ఇంజన్ అడుగు భాగం) నుంచి వచ్చే ఆయిల్ ఆవిరి వల్ల అది అన్ని బళ్లలోనూ ఉంటుంది. ఆయిల్ ధారగా కారితే టర్బో సీలు పోయినట్టే. ఆయిల్ తగినంత పోగైతే ఇంజన్ దాన్నే డీజిల్‌లా కాల్చుకుంటూ తనంతట తాను రేగుతుంది. తాళం తీసినా ఆగదు. అలా జరిగితే బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, పై గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదలండి. ఇంజన్ ఆగిపోతుంది. ఆటోమేటిక్ బండైతే గాలి లోపలికి వెళ్లే దారి మూయడమే మార్గం, అదీ చేతితో కాదు, చెక్కపలకలాంటిది అడ్డం పెట్టాలి. అందరినీ బండి దించి దూరంగా పంపాకే ఆ పని.