జైలు అప్పీళ్లు వాదిస్తానంటోంది మా అమ్మాయి, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీ చదువుతోంది, ఇప్పుడు నాలుగో ఏడు. మొన్న సెలవుల్లో హైకోర్టులో ఒక క్రిమినల్ లాయరుగారి దగ్గర ఇంటర్న్‌షిప్ చేసింది. డబ్బుల్లేని ఖైదీల అప్పీళ్లు ఆయన లీగల్ ఎయిడ్ కింద వాదిస్తారట. అప్పట్నుంచి 'నేనూ అదే చేస్తాను' అని ఒకటే పట్టు. జడ్జి పరీక్షలు రాయమ్మా అంటే వినదు. హంతకుల తరఫున నిలబడటానికా ఇంత చదివించింది? అసలు ఇందులో జీతం అంటూ ఉంటుందా? - ఒక తండ్రి

జవాబు: ముందు మీ ఇంట్లో గొడవ సగం తీర్చేస్తాను. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చేసింది. కాబట్టి డిగ్రీ చేతికి రాగానే ఆ పరీక్ష రాసే వీలు ఎలాగూ లేదు. అమ్మాయి మీ మాట విన్నా, తన మాటే నెగ్గించుకున్నా, మూడేళ్లు నల్లకోటు వేసుకుని కోర్టు చుట్టూ తిరగాల్సిందే. ఆ మూడేళ్లు ఎక్కడ, ఎవరి దగ్గర అన్నది మాత్రం ఇప్పుడే ఆలోచించాలి. దాని గురించి తర్వాత చెబుతాను.

అసలు తను మనసు పారేసుకున్న పని ఏమిటో మీకు కొంచెం తెలియాలి. అప్పీలు విచారణలో బోనూ ఉండదు, సాక్షీ ఉండడు. కింది కోర్టులో జరిగిందంతా ఒక కాగితాల కట్టగా వస్తుంది. సాక్షుల వాంగ్మూలాలు, ఎఫ్‌ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, తీర్పు, అన్నీ అందులోనే. పేపర్ బుక్ అంటారు దాన్ని. కొత్త సాక్ష్యం పెట్టే అవకాశం దాదాపు ఉండదు. ట్రయల్లో లాయరు అడగడం మర్చిపోయిన ప్రశ్నని ఇక్కడ అడుగుదామంటే కుదరదు. కట్టలో ఉన్నదాంట్లోంచే వెతుక్కోవాలి.

ఎలా వెతుకుతారో ఒకసారి దగ్గర నుంచి చూశాను. నా చిన్ననాటి స్నేహితుడు ఒకడు హైదరాబాద్ మదీనా దగ్గర ఆఫీసు పెట్టుకుని ఇవే కేసులు చేస్తుంటాడు. ఓ సాయంత్రం వెళ్లేసరికి రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాడు. కాలిన గాయాలతో చనిపోయిన భార్య ఇచ్చిన మరణ వాంగ్మూలం అది. మేజిస్ట్రేటు తెలుగులో చేత్తో రాసుకున్న మాట: 'మా ఆయన తోసేశాడు, స్టవ్ మీద పడ్డాను.' పేపర్ బుక్‌లో ఉన్న ఇంగ్లీషు అనువాదానికి అర్థం: 'మా ఆయన నన్ను స్టవ్ మీదికి తోశాడు.' చదువుతూ పోతే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ మొదటి మాటలో తోయడం వేరు, పడటం వేరు. చంపాలనే తోశాడా, గొడవలో తోస్తే పొరపాటున అక్కడ పడిందా అన్నది ఆ తేడాలోనే ఉంది. పాత ఐపీసీ 302 (హత్య) కింద అయితే జీవితఖైదు, 304 రెండో భాగం (చంపే ఉద్దేశం లేని నరహత్య) కింద అయితే ఎక్కువలో ఎక్కువ పదేళ్లు. ఆ ఒక్క వాక్యం మీద వాడు ఎనిమిది పేజీల నోట్ రాశాడు. ఇంతకీ వాడు పెద్ద మాటకారి కూడా కాదు.

ఇలాంటి కేసు లాయరు దాకా ఎలా వస్తుందంటే, శిక్ష పడ్డ ఖైదీ జైల్లోనే అప్పీలు కాగితం రాసి సూపరింటెండెంటుకి ఇవ్వొచ్చు. జైలు దాన్ని కోర్టుకి పంపుతుంది. సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో అది 424వ సెక్షన్. సెషన్స్ కోర్టు తీర్పు మీద హైకోర్టుకి వెళ్లడానికి మామూలుగా 60 రోజుల గడువు. దాటిపోతే ఆలస్యానికి కారణం చెప్పి మన్నించమని అడగాలి. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరుని ఇవ్వాలని 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. అప్పీలుకి కూడా ఆ సాయం హక్కేనని, తీర్పు కాపీ ఊరికే ఇవ్వాలని సుప్రీంకోర్టు 1978లోనే, హోస్కోట్ కేసులో చెప్పింది. హైకోర్టులో ఉండే లీగల్ సర్వీసెస్ కమిటీ తన ప్యానెల్లోని, అంటే తను ఎంపిక చేసుకున్న జాబితాలోని, లాయరుకి కేసు అప్పగిస్తుంది.

ఇక జీతం. దాచకుండా చెబుతాను. అమెరికాలో ప్రభుత్వ జీతం మీద అప్పీళ్లు మాత్రమే చూసుకునే పబ్లిక్ డిఫెండర్లు ఉంటారు. అమ్మాయి అది చదివి ఉంటే, ఇక్కడా అలాగే అనుకుంటోందేమో కనుక్కోండి. మన హైకోర్టుల్లో నడిచేది ప్యానెల్ పద్ధతి, కేసుకింత అని ఇస్తారు. ఆ డబ్బుతో హైదరాబాద్‌లో ఇల్లు గడవదు. నా స్నేహితుడికి కూడా ఇంటి అద్దె కట్టేది ప్రైవేటు బెయిలు పిటిషన్లే. నెలనెలా డబ్బు రావాలంటే జిల్లాల్లో డబ్బుల్లేని ముద్దాయిల తరఫున వాదించే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ విధానం ఉంది. జాతీయ న్యాయసేవల సంస్థ నల్సా 2022లో తెచ్చింది. అసిస్టెంటు పోస్టుకి మూడేళ్ల లోపు అనుభవం ఉన్నవాళ్లని తీసుకుంటారు, డిప్యూటీకి ఏడేళ్లు, చీఫ్‌కి పదేళ్లు కావాలి. నెలకింత అని ఇస్తారు కానీ కాంట్రాక్టు మీదే, పైగా సొంత ప్రాక్టీసు చేయకూడదు. పీఎఫ్, ఇంక్రిమెంట్లు, పెన్షన్ అని లెక్కలేసుకుంటే మాత్రం మీకు నిరాశే.

నన్నడిగితే ఆ అసిస్టెంటు పోస్టుకి ప్రయత్నించడమే మంచిది. అది దొరక్కపోతే జిల్లా కోర్టులో రోజూ సెషన్స్ కేసులు నడిపే ఒక మంచి క్రిమినల్ లాయరు దగ్గర చేరాలి. డిగ్రీ అవగానే హైకోర్టుకి పరిగెత్తొద్దు. పట్టా చేతికి రాగానే అప్పీళ్లకి కూర్చున్న పిల్లల్ని కొందరిని చూశాను. తీర్పులు కంఠతా వచ్చు, పంచనామా స్టేషన్లో ఎలా రాస్తారో తెలీదు. ఘటన ముందురోజు రాత్రి జరిగితే ఎఫ్‌ఐఆర్ మీద మేజిస్ట్రేటు సంతకం కింద మర్నాడు సాయంత్రం టైము ఉంటుంది. అందులో తప్పేముంది అంటారు. ట్రయల్ కోర్టులో ఆరు నెలలు తిరిగిన జూనియర్‌కి అది చూడగానే, ఎఫ్‌ఐఆర్ తర్వాత తీరిగ్గా రాశారేమోనని అనుమానం వస్తుంది. ప్యానెల్లోకి కూడా మామూలుగా మూడేళ్ల అనుభవం అడుగుతారు, కాబట్టి ఆ మూడేళ్లు ఏ దారికైనా పనికొస్తాయి. జీవితఖైదు, ఉరి పడే అవకాశం ఉన్న కేసుల్లో లీగల్ ఎయిడ్ లాయరుకి కనీసం పదేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2019లో అనోఖీలాల్ కేసులో సుప్రీంకోర్టు అంది. పెద్ద కేసులు సొంతంగా తన చేతికి రావడానికి చాలా టైము పడుతుందన్నమాట. అప్పటిదాకా సీనియర్‌కి నోట్లు రాసిపెట్టడమే. దానికి ఓపిక ఉందా అని తననే అడగండి.

లాయరుగా పేరు నమోదుకి కట్టే ఎన్‌రోల్‌మెంట్ ఫీజు గురించి ఎవరైనా భయపెడితే నమ్మకండి. 2024 జులైలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత జనరల్ వాళ్లకి 750, ఎస్సీ ఎస్టీలకి 125 రూపాయలకి మించి అడగకూడదు. ఆ తర్వాత బార్ కౌన్సిల్ వాళ్ల ఆలిండియా బార్ పరీక్ష ఒకటి పాసవ్వాలి, చదివే పిల్లకి అదేం కష్టం కాదు.

హంతకుల తరఫునా అన్నారు. సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేసిందనుకోండి, ముద్దాయి అప్పీలు చేసినా చేయకపోయినా హైకోర్టు ఖరారు చేసేదాకా ఉరి తీయడానికి వీల్లేదు. ఒక్క కోర్టు మాట మీద ప్రాణం తీయడానికి చట్టానికే ధైర్యం చాలలేదు, మీకూ నాకూ ఎక్కడిది? అప్పీళ్లు ఎంతకీ విచారణకి రాక జనం లోపలే మగ్గిపోతున్నారని 2016లో అప్పటి ఉమ్మడి హైకోర్టు బత్చు రంగారావు కేసులో ఒక దారి చూపింది. జీవితఖైదు పడి, అప్పీలు పెండింగులో ఉండగా ఐదేళ్లు జైల్లో గడిపినవాళ్లకి, కొన్ని రకాల నేరాలు మినహా, బెయిలు ఇవ్వొచ్చని చెప్పింది. ఐదేళ్లంటే మీ అమ్మాయి ఎల్‌ఎల్‌బీ మొత్తం.

అలాగని అందరూ అమాయకులేం కాదు. చాలా అప్పీళ్లు ఓడిపోతాయి. నేరం చేశాడని తనకే తెలిసిన మనిషి కోసం కూడా నిలబడాల్సి వస్తుంది. నా స్నేహితుడికి ఒక ఖైదీ తల్లి ప్రతి సోమవారం ఫోన్ చేసేది. 'మావాడి కేసు లిస్టులో వచ్చిందా సారూ?' అని ఒకటే ప్రశ్న. రెండేళ్లు రాలేదనే చెప్పాడు. వాడికి బీపీ వచ్చింది కేసుల వల్ల కాదు, ఆ ఫోను వల్ల అంటుంది వాళ్లావిడ. ఈ టెన్షన్ గురించి ఇంటర్న్‌షిప్‌లో ఎవరూ చెప్పి ఉండరు.

చివరగా ఇంట్లోనే చేయగలిగిన పరీక్ష ఒకటుంది. అమ్మాయి మొదటి నుంచీ ఇంగ్లీషు మీడియమే అయ్యుంటుంది. చేతిరాత తెలుగు చదవడం వచ్చా? గొలుసుకట్టు రాతలో ఉన్న స్టేట్‌మెంటు చదవలేకపోతే, ఆ స్టవ్ కేసులో అనువాదాన్నే నమ్ముకోవాల్సి వచ్చేది. మీ నాన్నగారి కాలం నాటి పొలం దస్తావేజు బీరువాలో ఉండే ఉంటుంది. ఈసారి ఇంటికొచ్చినప్పుడు తీసి తన చేతికివ్వండి. హద్దులు ఎక్కడెక్కడో, ఏ సాక్షి ఏ వేలిముద్ర వేశాడో తప్పు లేకుండా చదివి చెప్పమనండి. మధ్యలో విసుక్కుని పక్కన పెట్టేస్తుందో, అన్నం చల్లారిపోతున్నా వదలకుండా కూర్చుంటుందో చూసి నాకు రాయండి.