జింకు బిళ్లల సంగతి తర్వాత, ముందు ఆ కాలు చూపించండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేస్తాను. షుగరుకు మాత్రలు వాడుతున్నాను. రెండు వారాల కిందట చెరువులో దిగితే అరికాలికి గుల్ల కోసుకుంది. పుండు మానలేదు, సాయంత్రమైతే జ్వరం. మందుల షాపులో ఇచ్చిన అజిత్రోమైసిన్ మూడు రోజులు వేసుకున్నాను. రాగి, జింకు మన రక్తకణాల్లో బ్యాక్టీరియాను చంపుతాయని వీడియోలో చూసి రోజూ జింకు 50 మిల్లీగ్రాములు, ఐరన్ బిళ్ల వాడుతున్నాను. రాగి చెంబు నీళ్లు కూడా తాగితే త్వరగా తగ్గుతుందా?

జవాబు: తగ్గదు. షుగరు ఉన్నవారికి రెండు వారాలుగా మానని అరికాలి పుండు, దానికి తోడు జ్వరం. ఇది చదివిన రోజే ఆసుపత్రికి వెళ్లండి.

వీడియోలో చెప్పింది అబద్ధమేమీ కాదు. తెల్ల రక్తకణం బ్యాక్టీరియాను మింగి లోపల చిన్న సంచిలో బంధిస్తుంది. అందులోకి రాగిని, జింకును ఎక్కిస్తుంది, బ్యాక్టీరియాకు కావలసిన ఇనుము, మాంగనీసును బయటికి లాగేస్తుంది. మరోపక్క ఆక్సిజన్ నుంచి సూపరాక్సైడ్, దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారవుతాయి. న్యూట్రోఫిల్ అనే రకం తెల్ల రక్తకణాలైతే ఆ పెరాక్సైడ్‌కు క్లోరైడు కలిపి హైపోక్లోరస్ ఆమ్లం చేస్తాయి. మీరు చెరువుకు కొట్టే బ్లీచింగ్‌లో క్రిములను చంపేదీ అదే.

కానీ ఎంత లోహం, ఎప్పుడు అనేది ఆ కణం చూసుకుంటుంది. మీరు మింగిన బిళ్ల నేరుగా అక్కడికి పోదు. పెద్దవాళ్లు సొంతంగా రోజుకు 40 మిల్లీగ్రాములకు మించి జింకు తీసుకోకూడదు. ఎక్కువ మోతాదు నెలల తరబడి వాడితే పేగు రాగిని పీల్చుకోదు, చివరికి న్యూట్రోఫిల్సే పడిపోవచ్చు. ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు శరీరం ఇనుమును కావాలనే దాచిపెడుతుంది. రక్తహీనతకని డాక్టరు రాసినదైతే తప్ప ఐరన్ కూడా ఆపండి.

పైన చెప్పిన పెరాక్సైడ్ లాంటి క్రిములను చంపే పదార్థాల తయారీ, షుగరు అదుపు తప్పితే మందగిస్తుంది. జింకు ఎన్ని మిల్లీగ్రాములో రాశారు, షుగరు ఎంతుందో ఒక్క అంకె రాయలేదు!

నాకున్న అనుమానం వేరే. తడి నేలలో, నీళ్లలో పనిచేసే షుగరు రోగికి ఇలా జ్వరం వదలకపోతే మెలియాయిడోసిస్ గురించి, అంటే మట్టిలో, నీళ్లలో ఉండే ఒక బ్యాక్టీరియా వల్ల వచ్చే ఇన్ఫెక్షన్ గురించి ఆలోచించాలి. అదే అని చూడకుండా చెప్పలేను. ఈ బ్యాక్టీరియా పైన చెప్పిన సంచిలోంచి తప్పించుకుని, మింగిన కణంలోనే పెరుగుతుంది. అజిత్రోమైసిన్‌తో పోయేది కాదు. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ ఇంజెక్షన్లు కనీసం 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత కో-ట్రైమోక్సజోల్ బిళ్లలు కనీసం 3 నెలలు పడతాయి. ఏది ఎంత ఇవ్వాలో మిమ్మల్ని చూసిన డాక్టరే నిర్ణయించాలి. దయచేసి ఈ పేర్లు పట్టుకుని మళ్లీ షాపుకు వెళ్లకండి.

షాపు మందులతో నాకున్న గొడవ ఇదే. మూడు రోజుల యాంటీబయాటిక్ రోగాన్ని తగ్గించదు, కల్చర్‌లో (ల్యాబులో క్రిమిని పెంచి గుర్తించే పరీక్షలో) క్రిమి దొరక్కుండా మాత్రం చేయగలదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఇంట్లో ఉన్నదీ, పక్కింటివాళ్లు ఇచ్చిందీ వేసుకునే వస్తారు. కొత్త యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే రక్తం, పుండులోని చీము కల్చర్‌కు పంపమని అడగండి. చెరువులో పనిచేస్తానని, షుగరు ఉందని మీరే చెప్పండి. షుగరు, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు), క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), కాలికి, ఛాతీకి ఎక్స్‌రే అవసరం కావచ్చు. వాడిన మందుల స్ట్రిప్పులన్నీ తీసుకెళ్లండి.

కాలు నల్లబడినా, బొబ్బలు లేచి వాపు పైకి పాకినా, ఆయాసం, మగత వచ్చినా అది ఎమర్జెన్సీ, తెల్లారేదాకా ఆగకండి. పుండు మానేవరకు చెరువులో దిగొద్దు. మేత పని ఇంకెవరికైనా అప్పగించండి.