చీకట్లో పురుగు జాడ ఎలా దొరుకుతుంది?

ప్రశ్న: మట్టిలోని కొన్ని నులిపురుగులు వేరే పురుగుల్లో దూరి చంపేస్తాయట. కళ్లే లేవు కదా, మరి వాటిని ఎలా కనిపెడతాయి?

జవాబు: వాసన పట్టి! కళ్లు లేకపోతేనేం, తల దగ్గర రసాయనాలను పసిగట్టే నాడీకణాలున్నాయి. వేటకు బయల్దేరేది సుమారు అర మిల్లీమీటరు పొడవుండే పిల్ల. అది ఏమీ తినదు, ఒంట్లో దాచుకున్న కొవ్వుతోనే నెట్టుకొస్తుంది, కాబట్టి దారి తప్పిందంటే దాని పని అయిపోయినట్టే. పురుగు వదిలే కార్బన్ డయాక్సైడ్ ముఖ్యమైన ఆనవాలు. కానీ వేళ్లూ, మట్టిలోని సూక్ష్మజీవులూ అదే వదులుతాయి కదా, అందుకని పురుగు ఒంటి వాసనలు కూడా చూసుకుంటుంది. ఏ వాసన నచ్చుతుందనేది జాతిని బట్టి మారుతుంది.

నాకు భలే నచ్చింది మొక్కజొన్న సంగతి. వేరును పురుగు కొరికితే ఆ వేరు కేరియోఫిలీన్ అనే వాసన వదులుతుంది, అది తగిలి హెటెరోరాబ్డిటిస్ రకం నులిపురుగులు అటు పాక్కుంటూ వస్తాయి. ఇది 2005లో బయటపడింది. మొక్కే పిలిచి మరీ రప్పించుకుంటోందన్నమాట!

స్టైనర్నీమా కార్పోకాప్సే అనే ఇంకో జాతి నులిపురుగు మాత్రం అంత తిరగదు. తోక మీద నిలబడి ఊగుతూ కాచుకుని, పురుగు వాసన తగలగానే ఎగిరి దూకుతుంది. లోపలికి దూరాక తనతో తెచ్చుకున్న బ్యాక్టీరియాను వదిలితే, ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది.