యూరప్ భాషలన్నింటిలోనూ ఫిలాసఫీకి ఒకటే మాటా?

దాదాపు అంతే. ఫ్రెంచ్, జర్మన్, ఇటాలియన్, రష్యన్... పలకడంలో కాస్త తేడా తప్ప అన్నీ గ్రీకు 'ఫిలొసొఫియా'నే. వీటితో చుట్టరికం లేని హంగేరియన్, ఫిన్నిష్ కూడా ఆ మాటే తెచ్చుకున్నాయి. చదువులన్నీ లాటిన్‌లో సాగిన కాలంలో అది చాలామందికి అలా అంటుకుపోయింది.

కానీ నేను నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్నప్పుడు, యూనివర్సిటీలో ఫిలాసఫీ విభాగం బోర్డు మీద 'వెయిస్‌బెఖేర్తె' అని చూశాను. ముక్కలు చేసి నిఘంటువులో వెతికాను. 'వెయిస్' అంటే జ్ఞానం గల. బాగుంది. 'బెఖేర్తె' అంటే కోరిక, అదీ మామూలు కోరిక కాదు, కామం దాకా వెళ్లే వాంఛ! పొరపాటున వేరే బోర్డు చదివానేమో అనుకున్నా. గ్రీకులో 'ఫిలో' అంటే స్నేహంతో కూడిన ప్రేమ. డచ్‌వాళ్లు దాన్ని ఇంకాస్త ఘాటుగా అనువదించుకున్నారన్నమాట.

ఇలాంటి సొంత మాటల మీద మోజు అక్కడ పాతదే. 1600లో లైడెన్‌లోనే గణితవేత్త సైమన్ స్టెవిన్ రాసిన ప్రణాళికతో ఇంజనీర్లకు ఒక కోర్సు మొదలైంది. పాఠాలు లాటిన్‌లో కాదు, డచ్‌లో. గణితాన్ని ఇప్పటికీ మాథమాటిక్స్ అనకుండా 'విస్‌కుండె' అంటున్నారంటే అది ఆయన చలవే. ఫిజిక్స్‌కీ, కెమిస్ట్రీకీ కూడా అచ్చ డచ్ మాటలే ఉన్నాయి. అయితే కుర్రాళ్ల నోట మాత్రం 'ఫిలొసొఫీ' అనే వస్తుంది. 'వెయిస్‌బెఖేర్తె' బోర్డులకూ పెద్ద పుస్తకాలకూ పరిమితం. మన 'తత్త్వశాస్త్రం' లాగే అనుకోండి.

మా డచ్ టీచర్ మీ భాషలో ఏమంటారని అడిగితే ఆ మాటే చెప్పాను. "ఇందులో కోరిక ఎక్కడుంది?" అంది. కాసేపు ఆలోచిస్తే 'జిజ్ఞాస' తట్టింది. తెలుసుకోవాలనే కోరిక. బ్రహ్మసూత్రాలు మొదలయ్యేదే "అథాతో బ్రహ్మజిజ్ఞాసా" అని కదా! ఆవిడ సంబరపడి నోట్‌బుక్‌లో రాసుకుంది కానీ, 'జ్ఞ' మాత్రం చివరిదాకా పలకలేకపోయింది.

ఇంకో భాష కూడా ఉంది, ఐస్లాండిక్. అందులో 'హేమ్‌స్పెకి' అంటారు, అంటే లోకజ్ఞానం. జర్మన్లు కూడా 18వ శతాబ్దంలో సరిగ్గా ఇదే అర్థంలో 'వెల్ట్‌వైస్‌హైట్' అని వాడేవారు. దేవుడి గురించిన చదువు వేరు, ఇది లోకం గురించినది అని చెప్పడానికి. జర్మన్‌లో అది మూలపడింది, ఐస్లాండ్‌లో మాత్రం ఈ రోజుకీ అదే మాట.