బాబు సంగతి సరే, ముందు మీరు థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. నాకు 29 ఏళ్లు. బాబు కడుపులో ఉన్నప్పుడు ఐదో నెలలో థైరాయిడ్ తక్కువగా ఉందన్నారు. కొన్నాళ్లు మాత్రలు వాడి మానేశాను. ఇప్పుడు వాడు రెండో తరగతి. నేర్పింది మర్చిపోతున్నాడు, చదవడానికి తడబడుతున్నాడు. నా థైరాయిడ్ వల్లే ఇలా అయిందా? జ్ఞాపకశక్తికి సిరప్ ఏదైనా చెప్పండి. నాకు మళ్లీ రెండో నెల. మూడేళ్ల కిందట రాసిచ్చిన 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్రే వేసుకుంటున్నా. వేడి చేస్తుంది, ఆపేయమని మా అత్త అంటున్నారు.
– ఓ సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: మీరు అడిగింది బాబు గురించి. నాకు టెన్షన్ పెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన రెండు మాటలు. మాత్ర ఒక్క రోజు కూడా ఆపొద్దమ్మా. రేపే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే ఇది పెరుగుతుంది), ఫ్రీ టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) పరీక్షలు చేయించుకోండి. పరగడుపున వెళ్లక్కర్లేదు. ఆ రోజు మాత్ర మాత్రం రక్తం ఇచ్చాక వేసుకోండి.

కడుపులో బిడ్డ థైరాయిడ్ గ్రంథి దాదాపు 12 వారాలకు గానీ పని మొదలుపెట్టదు. తనకు చాలినంత హార్మోన్ తయారు చేసుకోవడానికి 18–20 వారాలు పడుతుంది. అప్పటిదాకా మెదడు ఎదుగుదలకు కావాల్సింది తల్లి రక్తం నుంచే అందాలి. అందుకే ముందు నుంచీ మాత్ర వాడుతున్నవాళ్లలో చాలామందికి గర్భం నిలవగానే డోసు పావు వంతో, అంతకన్నా ఎక్కువో పెంచాల్సి వస్తుంది. ఇది చదివి మీ అంతట మీరే పెంచుకోకండి, ఎక్కువైనా ఇబ్బందే. రిపోర్టు చూసి మీ డాక్టర్ నిర్ణయించాలి. సగం నెలలు గడిచేదాకా నాలుగు వారాలకోసారి, తర్వాత 30 వారాలప్పుడు ఒకసారి టీఎస్‌హెచ్ చూడాలి. మాత్ర వాడే గర్భిణిలో అది 2.5 లోపు ఉండేలా చూస్తాం.

పాత చీటీ చూపించి మెడికల్ షాపులో ఏళ్ల తరబడి అదే మాత్ర కొనుక్కోవడం నేను రోజూ చూస్తున్నాను. చదువుకున్నవాళ్లూ ఇదే చేస్తున్నారు. ఆ డోసు అప్పటి మీ ఒంటికి రాసింది. ఒళ్లు మారింది, చీటీ మారలేదు. మూడేళ్లుగా ఒక్క పరీక్షా లేకుండా ఎలా ఉన్నారమ్మా? గర్భం అని తెలిసిన రోజే వెళ్లి ఉండాల్సింది. సరే, ఇప్పటికీ సమయం మించిపోలేదు.

ఇంకోటి. పీహెచ్‌సీలో ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలను థైరాయిడ్ మాత్రతో కలిపి మింగేస్తున్నారేమో చూసుకోండి. కలిపి వేసుకుంటే థైరాయిడ్ మందు సరిగా ఒంటికి పట్టదు. నాలుగు గంటల ఎడం ఉండాలి. పొద్దున లేవగానే నీళ్లతో థైరాయిడ్ మాత్ర వేసుకుని, అరగంట నుంచి గంట తర్వాత కాఫీ, టిఫిన్. ఐరన్ మధ్యాహ్నం, కాల్షియం రాత్రి పెట్టుకోవచ్చు. మీ అత్తగారికి నా మాటగా చెప్పండి: ఒంట్లో ఊరాల్సిన హార్మోనే తక్కువైతే అంతమేరకు మాత్రగా ఇస్తున్నాం. సరైన డోసులో వేడి చేయదు.

ఇక బాబు. 1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో, థైరాయిడ్ లోపానికి చికిత్స అందని తల్లుల పిల్లలకు 7–9 ఏళ్ల వయసులో ఐక్యూ సగటున 7 పాయింట్లు తక్కువగా కనిపించింది. 2012లో వచ్చిన మరో పెద్ద అధ్యయనంలో గర్భిణులకు పరీక్ష చేసి 13 వారాల ప్రాంతంలో మాత్ర మొదలుపెట్టినా, మూడేళ్ల పిల్లల్లో తేడా ఏమీ తేలలేదు. ఇవన్నీ సగటు లెక్కలు. మీ బాబుకు ఇలా ఉండటానికి కారణం మీ థైరాయిడే అని ఎవరూ తేల్చి చెప్పలేరు, కాబట్టి ఆ భారం మోయకండి. చూపు, వినికిడి, రక్తహీనత, నిద్ర, వాడి సొంత థైరాయిడ్, చదవడంలో ప్రత్యేకంగా వచ్చే డిస్‌లెక్సియా లాంటి ఇబ్బంది, వీటిలో ఏదైనా కావచ్చు. పిల్లల డాక్టర్‌కు చూపించండి. వెళ్లేటప్పుడు వాడి నోటు పుస్తకాలు తీసుకెళ్లండి, టీచర్ ఏమంటున్నారో కనుక్కుని చెప్పండి.

సిరప్ పేరు నేను రాయను. కారణం తెలియకుండా ఏ సీసా కొని తాగించినా ఉపయోగం ఉండదు. మీ థైరాయిడ్ మాత్ర వాడికి పొరపాటున కూడా ఇవ్వకండి.