వాకింగ్‌కి ముందు బ్లాక్ కాఫీ తాగితే కొలెస్ట్రాల్ కరుగుతుందా?

బరువు ఎక్కువున్నవాళ్లు కాఫీ తాగి నడిస్తే కొలెస్ట్రాల్ తొందరగా తగ్గుతుందంటున్నారు, నిజమేనా అని అడిగారు. నా బీఎంఐ (ఎత్తుని బట్టి బరువు లెక్క) 30 దాటినప్పుడు నేనూ అలాగే నడిచాను కాబట్టి చెప్తున్నాను.

కెఫీన్ పడితే హుషారుగా ఇంకో రౌండు వేయబుద్ధవుతుంది. నడిచేటప్పుడు కొవ్వు కాస్త ఎక్కువ ఖర్చవుతుందన్న మాటా నిజమే. కానీ ఖర్చయ్యేది ఒంట్లో కొవ్వు, రక్తంలో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) కాదు. నా రిపోర్టుల్లో ముందు దిగింది ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు), హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) కొద్దిగా పెరిగింది. ఎల్‌డీఎల్ మాత్రం మొండికేసింది. నడక ఒక్కదానికే అది పెద్దగా లొంగదని, బరువు దిగాలని, నెయ్యీ వెన్నా తగ్గించాలని, అప్పటికీ వినకపోతే మందేనని డాక్టరుగారు చెప్పారు.

ఇక కాఫీ సంగతి. నార్వేలోని ట్రోమ్సోలో జనాన్ని పరీక్షించి, కాఫీ ఎక్కువ తాగేవాళ్లలో కొలెస్ట్రాల్ ఎక్కువుందని 1983లో ప్రకటించారు. అక్కడ పొడిని నీళ్లలో మరిగించి, వడకట్టకుండా తాగే అలవాటు ఎక్కువ. దోషం కెఫీన్‌ది కాదు, గింజ నూనెలో ఉండే కెఫెస్టాల్‌దని తర్వాత తేలింది. పేపర్ ఫిల్టర్ దాన్ని చాలావరకు పట్టేస్తుంది. ఇన్‌స్టంట్ కాఫీలో అది నామమాత్రమే. మన స్టీల్ ఫిల్టర్ చిల్లులు పొడిని ఆపుతాయి గానీ నూనెని పూర్తిగా ఆపలేవు. చిక్కటి ఫస్ట్ డికాక్షన్‌ని వెలుతురులో పెట్టి చూడండి, పైన సన్నటి జిడ్డు మెరుపు కనిపిస్తుంది. రోజుకి ఒకటి రెండు కప్పులకి టెన్షన్ అక్కర్లేదు. నాలుగైదు తాగుతూ ఎల్‌డీఎల్ కూడా ఎక్కువున్నవాళ్లు నాలాగా డికాక్షన్‌ని పేపర్ ఫిల్టర్‌లో ఇంకోసారి వడకట్టుకోవచ్చు. రుచి కాస్త పల్చబడుతుంది. మా ఆవిడైతే ఆ కప్పు ముట్టుకోదు.

అన్నిటికన్నా చేటు, నడక అయ్యాక పార్కు గేటు దగ్గర తాగే కాఫీ. చిక్కటి పాలు, రెండు చెంచాల పంచదార. ఫుల్ క్రీమ్ పాలలో కొవ్వు 6 శాతం, డబుల్ టోన్డ్‌లో 1.5. పంచదారేమో నడకతో దిగిన ట్రైగ్లిజరైడ్స్‌ని మళ్లీ ఎక్కిస్తుంది.

బీపీ, గుండెదడ ఉన్నవాళ్లు వ్యాయామానికి ముందు కాఫీ గురించి డాక్టరుని అడగండి. థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు, మింగాక అరగంట నుంచి గంట ఆగి కాఫీ తాగండి. మాత్ర సరిగ్గా ఒంటపట్టకపోతే థైరాయిడ్ అదుపు తప్పి ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఎంత నడిచినా రిపోర్టు ఎందుకు మారట్లేదో అర్థం కాదు.