ఛార్జర్ ముందు ఎడమవైపు దిగిపోతే

అన్నా, మీ 1969 డాడ్జ్ ఛార్జర్‌కి కింది కంట్రోల్ ఆర్మ్ (చక్రాన్ని పట్టి పైకీ కిందికీ ఆడే చేయి) రబ్బరు బుష్‌లు మార్చాక ముందు ఎడమవైపు అంగుళం దిగింది, స్ప్రింగ్ కింద ప్యాకింగ్ పెట్టాలా అన్నారు. ఈ కారుకి ముందువైపు కాయిల్ స్ప్రింగులే లేవు కదా, ఉన్నవి టార్షన్ బార్లు, అంటే మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు. బుష్‌ల కోసం బార్ తీయడానికి వదులు చేసిన అడ్జస్టింగ్ బోల్టు మళ్లీ అంతే బిగిసి ఉండదు. బిగిస్తే కారు లేస్తుంది.

ఫెండర్ అంచు దగ్గర టేపు పెట్టకండి. యాభై ఏళ్లు దాటిన రేకు, రెండువైపులా ఒకేలా ఉండదు. సమంగా ఉన్న నేల మీద, టైర్లలో గాలి సరిచూసి, ట్యాంకు నింపి, బంపర్‌ని నాలుగైదుసార్లు గట్టిగా ఊపి వదలండి. కింది బాల్ జాయింట్ (ఆర్మ్‌కి చక్రం వైపు కొసన ఉండే గుండ్రటి కీలు) అడుగు నుంచి నేలకి ఒక కొలత, అడ్జస్టింగ్ బ్లేడు (ఆ బోల్టు ఆనే పలక) అడుగు నుంచి ఇంకొకటి. చూడాల్సింది ఈ రెండిటి మధ్య తేడా. అది ఎడమకీ కుడికీ అంగుళంలో ఎనిమిదో వంతుకు మించి మారకూడదు.

బోల్టు తిప్పేటప్పుడు చక్రాలు గాల్లో వేలాడాలి, లేదంటే మర చెడుతుంది. దించాక మళ్లీ ఊపి కొలవండి. నేను మొదటిసారి ఊపకుండా కొలిచి ఆదివారమంతా తగలేశాను.

ఆర్మ్ లోపలి కొసని బుష్ దగ్గర పట్టి ఉంచే పివట్ నట్టు మాత్రం ఎత్తు కుదిరాక, బరువు చక్రాల మీద ఉండగానే బిగించండి. గాల్లో బిగిస్తే కొత్త రబ్బరు మెలిపడి త్వరగా చిరుగుతుంది. చక్రాల కోణాలు సరిచేసే అలైన్‌మెంట్ ఆ తర్వాతే.